చార్టు ఎవరు మోస్తున్నారు, మైకు ఎవరు పట్టుకుంటున్నారు?

(విద్యార్థులు, పరిశోధకులు, యువ అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



నాకిచ్చిన అంశం తరగతి గది ప్రాజెక్టులు, వాటి ద్వారా విద్యార్థుల్లో పెరగాల్సిన భావవ్యక్తీకరణ, విమర్శనాత్మక ఆలోచన. ఈ రెండు మాటలకూ ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. 2020 జాతీయ విద్యా విధానంలో ఉన్నాయి. న్యాక్ బృందం వస్తుందంటే మేం రాత్రిళ్లు కూర్చుని నింపే కాగితాల్లో ఉన్నాయి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు కట్టే బోర్డుల మీదా ఉన్నాయి, ఇన్ని రోజుల్లో కమ్యూనికేషన్ స్కిల్స్ గ్యారంటీ అని. అంబేద్కర్‌ను చదువుకున్న మనం ఈ మాటల్ని ఉన్నపళంగా నెత్తిన పెట్టుకోలేం. ఎవరు మాట్లాడితే అది మాట అవుతోంది, ఎవరు ఆలోచిస్తే అది ఆలోచన అవుతోంది అని ముందు అడగాలి.

నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. నా క్లాసులో ఎక్కువమంది సాంఘిక సంక్షేమ, బీసీ హాస్టళ్లలో ఉండేవాళ్లు, లేదంటే పొద్దున్నే పల్లెవెలుగు బస్సెక్కి వచ్చేవాళ్లు. వాళ్ల ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనుషులు వాళ్లే. నేను చెప్పేదంతా ఆ గదిలో నిలబడి చూసిందే.

మీ కాలేజీలో ఏ ప్రాజెక్టు గ్రూపునైనా తీసుకోండి. ఐదుగురుంటారు. ఒకరు పీపీటీ ముందు నిలబడి మాట్లాడతారు. లాప్‌టాప్ ఉన్నవాళ్లు టైపు చేస్తారు. చేతిరాత బాగున్నవాళ్లు చార్టు రాస్తారు. ఇంకొకరు జిరాక్స్ షాపుకెళ్లి స్పైరల్ బైండింగ్ చేయించుకొస్తారు. ఐదో మనిషి చార్టు పట్టుకుని చివర నిలబడి, మేడమ్ చూసినప్పుడల్లా తలూపుతుంది. ఇందులో ఎవరూ కుట్ర పన్నలేదు. "నీకు ఇంగ్లిష్ బాగా వచ్చు కదా, నువ్వే చెప్పవే" అని ఒకరు, "నాకు భయం, నేను తిరిగే పని చేసిపెడతా" అని ఒకరు, స్నేహంగానే పంచుకుంటారు. అయితే వరుసగా కొన్ని బ్యాచ్‌లపాటు ఎవరు మాట్లాడారు, ఎవరు మోశారు అని నేను ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకున్నాను. కాన్వెంటు నుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో ఉద్యోగస్తులున్నవాళ్లు మాట్లాడారు. హాస్టల్ పిల్లలు మోశారు. కులం పనిని పంచి ఊరుకోదు, పనిచేసే మనుషుల్నే పైకీ కిందికీ విడదీస్తుందని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించారు. దానికి రుజువు చూపమంటే ఊళ్లోకి పోనక్కర్లేదు. ఐదుగురికి ఒక ప్రాజెక్టు ఇచ్చి, పక్కకు తప్పుకుని చూడండి.

మార్కుల దగ్గరికి వచ్చేసరికి ఇది ఇంకా ముదురుతుంది. మైకు పట్టుకున్న మనిషికే కమ్యూనికేషన్ మార్కులు పడతాయి. నోటి మార్కులకు కులం చెవులుంటాయని మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. జేఎన్‌యూలో ఎం.ఫిల్., పీహెచ్‌డీ ప్రవేశాల్లో రాతపరీక్షలో బాగా తెచ్చుకున్న అణగారిన వర్గాల పిల్లలకు వైవాలో తక్కువ పడుతున్నాయని విద్యార్థులు ఏళ్లపాటు కొట్లాడారు. అబ్దుల్ నఫే కమిటీ 2016లో ఆ మార్కుల్ని పరిశీలించి, వివక్ష జాడ ఉందని తేల్చి, వైవా వెయిటేజీని 30 నుంచి 15కు తగ్గించమంది. అంతకుముందు 2007లో థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్ మీద ఇచ్చిన నివేదికలోనూ ప్రాక్టికల్స్‌లో, వైవాల్లో తమకు జరిగేదాని గురించి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు చెప్పింది ఉంది. జవాబు పత్రం మీద హాల్‌టికెట్ నంబరే కనపడుతుంది. నోరు తెరిస్తే యాస వినపడుతుంది, ఇంటిపేరు వినపడుతుంది, ఆ ఊరి ఏ కొసన పుట్టారో కూడా కొందరికి వినపడుతుంది.

అందుకే ప్రెజెంటేషన్లు పెంచుదాం, ప్రాజెక్టులు పెంచుదాం అనగానే నేను చప్పట్లు కొట్టను. అలాగని వద్దు అనేవాళ్లతోనూ లేను. గైడు బట్టీపట్టి మూడు గంటల పరీక్ష రాయడం వల్ల మనకు సర్టిఫికెట్ వచ్చింది, మాట రాలేదు. పైగా మన చరిత్రలో రెండు పెద్ద రచనలు ఎవరో పండితులు రాసినవి కావు, విద్యార్థులు విద్యార్థులుగా ఉండగానే రాసినవి.

మొదటిది ముక్తా సాల్వే రాసిన వ్యాసం. పుణెలో ఫూలే దంపతుల బడిలో చదువుకున్న మాంగ్ కులం అమ్మాయి. సుమారు పద్నాలుగేళ్ల వయసు. మాంగులు, మహార్ల దుఃఖం గురించి ఆమె రాసింది 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. దళిత స్త్రీ రచనల గురించి మాట్లాడేవాళ్లంతా అక్కడి నుంచే మొదలుపెడతారు. కానీ టీచర్‌గా నేను ఆ వ్యాసాన్ని ఇంకోలా చదువుతాను. అందులో ఏడుపు మాత్రమే లేదు, తర్కం ఉంది. వేదాలు బ్రాహ్మణులవే, మేం చూడనే కూడదంటే, మా మతానికి పుస్తకం లేనట్టే కదా, అప్పుడు మేం ఏ మతం వాళ్లం అని నిలదీస్తుంది. ఎదుటివాళ్ల నియమాన్నే తీసుకుని దాన్ని చివరిదాకా నడిపించి ఎక్కడ కూలుతుందో చూపిస్తుంది. దీన్నే ఇవాళ వర్క్‌షాపులు పెట్టి విమర్శనాత్మక ఆలోచన అని నేర్పుతున్నారు. మహార్లు కూడా మాంగులను తక్కువగా చూస్తారన్న సంగతినీ ఆమె దాచలేదు. మాల, మాదిగ మాట వచ్చినప్పుడు మన సభల్లో మనం ఎంత తడబడతామో తలుచుకుంటే, ఆ పిల్ల ధైర్యం ఎంతటిదో తెలుస్తుంది. మూడేళ్ల చదువుతో రాసింది. గురువులు ఆ ప్రశ్నను దిద్ది, మెత్తబరిచి, అందంగా చేసి పంపలేదు కాబట్టే అది మనదాకా వచ్చింది.

రెండోది 'భారతదేశంలో కులాలు'. దాన్ని మనం పుస్తకంగా చదువుతాం కాబట్టి అది ఒక సెమినార్ పేపరన్న సంగతి మర్చిపోతాం. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, డాక్టర్ గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్‌లో ఇరవై ఐదేళ్ల అంబేద్కర్ చదివిన పేపర్ అది. మరుసటి ఏడాది 'ఇండియన్ యాంటిక్వరీ'లో వచ్చింది. మా పిల్లలకు ఆ పేపర్ ఇచ్చి, ఇందులో రచయిత ఏం చేస్తున్నాడో మాత్రమే చెప్పండి, ఏం చెబుతున్నాడో తర్వాత చూద్దాం అంటాను. చూస్తే తెలుస్తుంది. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ, కేట్కర్ కులానికి ఇచ్చిన నిర్వచనాల్ని ఒక్కొక్కటిగా బల్లమీద పెట్టాడు. ప్రతిదానిలో ఏది పనికొస్తుంది, ఏది కారణాన్ని వదిలి లక్షణాన్ని పట్టుకుంది అని విడదీశాడు. కులం లోపలే పెళ్లి అన్నది అసలు కీలు అని పట్టుకుని, అక్కడి నుంచి సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఎందుకు అవసరమయ్యాయో లెక్క కట్టాడు. చివర్లో, నా సిద్ధాంతం నిలవదని చూపిస్తే వదిలేయడానికి సిద్ధం అన్న అర్థం వచ్చేలా ముగించాడు. మా క్లాసులో ఒక అబ్బాయి అది చదివి, "మేడమ్, ఈయన అందరితో గొడవ పెట్టుకున్నాడు గానీ ఎవర్నీ తిట్టలేదు" అన్నాడు. ఆ పేపర్ గురించి నేను విన్న మంచి వ్యాఖ్యల్లో అదొకటి.

ఆ రోజుల్లో అంబేద్కర్‌కు కొలంబియాలో పాఠం చెప్పినవాళ్లలో జాన్ డ్యూయీ ఒకరు. డ్యూయీ 'ప్రజాస్వామ్యం, విద్య' అచ్చయింది కూడా 1916లోనే. అదే విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజీలో డ్యూయీ ఆలోచనలతో పెరిగిన కిల్‌పాట్రిక్ 1918లో 'ప్రాజెక్టు పద్ధతి' అనే వ్యాసం రాశాడు. ఇవాళ బీఈడీ నోట్సులో ప్రాజెక్టు పద్ధతి కింద నాలుగు మార్కులకు రాసేది అదే. ఆ నోట్సులో డ్యూయీ, కిల్‌పాట్రిక్ పేర్లుంటాయి. డ్యూయీ చెప్పిన ప్రజాస్వామ్యాన్ని పట్టుకుని కులం మీదికి నడిపిన శిష్యుడి పేరు మాత్రం ఉండదు. బీఈడీ చేస్తున్న పిల్లలు ఇక్కడున్నారు కాబట్టి చెబుతున్నాను, మీ నోట్సులో ఆ పేరు మీ చేత్తో రాసుకోండి.

ఈ రెండింటి పక్కన మనం ఇచ్చే ప్రాజెక్టుల్ని పెడితే సిగ్గనిపిస్తుంది. బడిలో ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనులకు మార్కులున్నాయి. పిల్లలేం చేస్తారు? స్టేషనరీ షాపులో జాతీయ నాయకుల బొమ్మల షీటు కొని, కత్తిరించి అతికిస్తారు. కాలేజీకొచ్చాక నెట్ సెంటర్‌లో పాత ప్రాజెక్టు పేరు మార్చి ప్రింటు తీస్తారు. ఇప్పుడు ఫోన్‌లో ఏఐ రాసిపెడుతోంది, బైండింగ్ ఖర్చు ఒక్కటే మిగిలింది. దీని గురించి ఎక్కువ చెప్పను. జవాబు ముందే ఎక్కడో రాసి ఉన్న ప్రశ్న ఇస్తే ఎవరైనా అక్కడి నుంచే తెస్తారు.

జవాబు ఎక్కడా రాసి లేని ప్రశ్న ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఉంది. పిల్లలు ఒక ఊరికి వెళ్లి సర్వే చేసి రిపోర్టు ఇవ్వాలి. మామూలుగా ఏం జరుగుతుందంటే, బస్సు దిగిన చోట, రామాలయం అరుగు మీద కూర్చుని, పక్కనున్న ఇళ్లు తిరిగి ఫారాలు నింపేస్తారు. ఊరు అయిపోయింది అనుకుంటారు. వాడ మొదలే కాదు.

మా పిల్లలు ఒక ఊరిని తీసుకుని, వెళ్లేముందు 2011 జనగణన పట్టికలు చూశారు. ఎస్సీ జనాభా ఎంత, అక్షరాస్యులెంత, వ్యవసాయ కూలీలెంత అని ఊరి పేరు మీదే దొరుకుతుంది. సౌకర్యాల పట్టికలో కుళాయి నీళ్లు ఉన్నాయి అని ఉంది. ఒక అమ్మాయి, హాస్టల్‌లో ఉండే అమ్మాయి, క్లాసులో నోరు విప్పగా నేను పెద్దగా వినలేదు, ఆ రోజు మాత్రం నెమ్మదిగా అడిగింది: "ఉన్నాయి అంటే ఎక్కడ ఉన్నాయి మేడమ్?" అంతే. మా ప్రాజెక్టు ఆ ప్రశ్నే. జనగణన ఊరిని ఒక్క ముద్దగా లెక్కేస్తుంది. మన ఊళ్లు ఒక్క ముద్ద కావు. భారతదేశపు గ్రామాన్ని ఒక చల్లని సమాజంగా పొగిడేవాళ్లకు 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఇచ్చిన జవాబును ఆ పిల్లలు అప్పటికి చదవలేదు. తర్వాత చదివారు, చదివినప్పుడు వాళ్లకు అది పాఠంలా అనిపించలేదు.

వాళ్లు చేసింది చాలా చిన్న పని. నీళ్లు వదిలే వేళకు వెళ్లి, ఒకే కొలత బిందె పట్టుకుని, ట్యాంకు దగ్గరి కుళాయి నుంచి వాడలో చివరి కుళాయి దాకా ఒక్కోచోట బిందె నిండడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఫోన్ గడియారంతో రాశారు. వరుసగా వారం రోజులు. ఫారాలు లేవు, అభిప్రాయాలు లేవు. బిందె, గడియారం, నోట్‌బుక్కు. చివరికి వచ్చేసరికి సెకన్లు నిమిషాలయ్యాయి, రెండు రోజులు బిందె నిండనే లేదు.

ఇక్కడ క్లాసు రెండుగా చీలింది. ఒకరన్నారు, ఇది కులమే, ఇంకేం కావాలి అని. ఇంకో అబ్బాయి, ఊళ్లో పొలమున్న కుటుంబం వాడు, "ఇది కులమా, పల్లమా మేడమ్? పైపు చివర ఎవరున్నా నీళ్లు తక్కువే వస్తాయి" అన్నాడు. కొందరికి కోపం వచ్చింది. నేను ఆ ప్రశ్నను బోర్డు మీద రాశాను. మనం ఇలాంటి ప్రశ్నకు భయపడకూడదు, దాన్ని దాటి వస్తేనే మన మాట నిలబడుతుంది. ఎలా తేల్చాలి? పైపుకు ఇంకో కొస ఉంది, అక్కడ రైతుల ఇళ్లున్నాయి, అక్కడా కొలవాలి. కొలిచారు. అక్కడ ధార కొంచెమే తగ్గింది. అయితే పల్లం కాదన్నమాట, మరి ఏమిటి? పైపు ఎప్పుడు వేశారు, ఎంత లావు పైపు ఎక్కడిదాకా వేశారు, ఎన్ని ఇళ్లని లెక్క కట్టారు? అది తెలియాలంటే కాగితం కావాలి.

సమాచార హక్కు దరఖాస్తు దగ్గర పిల్లలు నేర్చుకున్నంత కమ్యూనికేషన్ నేను ఏ పాఠంలోనూ నేర్పలేదు. మొదటి ముసాయిదాలో వాళ్లు రాసింది "మా వాడకు నీళ్లు ఎందుకు సరిగా ఇవ్వడం లేదు?" అని. న్యాయమైన ప్రశ్నే. కానీ 2005 చట్టం కింద అధికారి ఇవ్వాల్సింది తన దగ్గరున్న రికార్డు, సంజాయిషీ కాదు. 'ఎందుకు' అని అడిగితే తప్పించుకుంటాడు. ఫలానా పథకం అంచనా పత్రం నకలు, పైపులైను మ్యాపు నకలు, ఇళ్ల సంఖ్యకు ఆధారమైన జాబితా నకలు అని అడిగితే తప్పించుకోలేడు. కోపాన్ని కాగితం పేరుగా మార్చడం అన్నమాట. నాలుగుసార్లు తిరగరాశారు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన అవసరం లేదని ఆ చట్టంలోనే, 6వ సెక్షన్‌లో ఉందని తెలిసి ఒకమ్మాయి, "అడగడానికి కారణం చెప్పక్కర్లేదా, నిజంగానా?" అని రెండుసార్లు అడిగింది. పుట్టినప్పటి నుంచీ ప్రతి ఆఫీసు గుమ్మంలోనూ కారణం చెప్పుకుంటూ వచ్చిన ఇంటి పిల్ల ఆమె. దరఖాస్తు మాత్రం నా పేరుతో పెట్టాం. ఆ ఊళ్లో రేపు కూడా బతకాల్సింది వాళ్లు, నేను కాదు.

వచ్చిన కాగితాల్లో తేలిందేమంటే, వాడలో ఇళ్లను పాత జాబితా ప్రకారం లెక్క కట్టారు. ఆ జాబితాలో అన్నదమ్ములు ముగ్గురు మూడు పొయ్యిలు పెట్టుకున్నా ఇంటి నంబరు ఒక్కటే. స్థలం లేక ఒకే ఇంటిని గోడలు పెట్టి పంచుకున్నవాళ్లు ఒక్క ఇల్లు అయ్యారు. ఇళ్లు తక్కువ కాబట్టి సన్న పైపు సరిపోతుందని ఇంజనీరు లెక్క. ఆ ఇంజనీరు కులం చూసి పైపు సన్నం చేశాడని మేం రాయలేదు, ఎందుకంటే ఆ కాగితంలో అది లేదు. భూమి లేకపోవడం ఇంటి నంబరు లేకపోవడమైంది, నంబరు లేకపోవడం పైపు మందమైంది అని రాశాం. పల్లం అన్న అబ్బాయే ఆ వాక్యాన్ని బోర్డు మీద తయారుచేశాడు.

రిపోర్టు పూర్తికాకముందే మా కాలేజీకి ఊళ్లో పెద్దమనిషి ఫోన్ వచ్చింది, సర్వే పేరుతో గొడవలు పెడుతున్నారని. శీర్షికలో వాడ అన్న మాట తీసేయమని పైనుంచి నాకు సూచన వచ్చింది. శీర్షికను 'తాగునీటి సరఫరా: కొలతల నివేదిక' అని పెట్టాం. లోపల కొలతలన్నీ అలాగే ఉన్నాయి, ఏ వీధి కొలత ఏదో పట్టికలో ఉంది. పేరు మార్చినా సెకన్లు మారలేదు.

ప్రెజెంటేషన్ రోజు వచ్చింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, "చివరి కుళాయి దగ్గర రెండు రోజులు నిండలేదన్నారు, ఆ రెండు రోజులు కరెంటు ఉందా?" అని అడిగాడు. మాట్లాడుతున్న అమ్మాయికి తెలియదు. వారం రోజులూ ఆ కుళాయి దగ్గర నిలబడింది ఎవరు? ఆ హాస్టల్ అమ్మాయి. ఆమె చివరి నుంచే, "ఉంది సార్, మోటారు నడుస్తోంది. నేను ట్యాంకు దగ్గరికెళ్లి చూసొచ్చాను, టైము రాసుకున్నాను" అని నోట్‌బుక్కు తెరిచి చదివింది. ఆ తర్వాత ఐదు ప్రశ్నలకు ఆమే జవాబు చెప్పింది, తన ఊరి తెలుగులో. ఆమెకు ధైర్యం గురించి ఎవరూ క్లాసు పీకలేదు. ఆ గదిలో ఆమెకు తెలిసింది ఇంకెవరికీ తెలియదు, ఆ సంగతి అందరికీ తెలుసు. నీళ్ల సంగతి అడుగుతారేమో, అర్జీ ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి. అణగారిన పిల్లల అనుభవం గొప్ప జ్ఞానం అని మనం ఎప్పుడూ అంటాం, నిజమే. కానీ దాన్ని పట్టుకుని కొందరు టీచర్లు, మంచి ఉద్దేశంతోనే, "నువ్వు ఆ వాడ నుంచి వచ్చావు కదా, మీవాళ్ల గురించి నువ్వే చెప్పు" అని పిల్లను నిలబెడతారు. అది ప్రాజెక్టు కాదు, పంచాయితీ. ఆ అమ్మాయి తన కులాన్ని క్లాసు ముందు పెట్టాలో వద్దో ఆమె ఇష్టం. కంచ ఐలయ్య పిల్లల కోసం 2007లో రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' పుస్తకం మీలో చాలామందికి తెలుసు. కుమ్మరి, చాకలి, మంగలి, చర్మకారుల పనుల్లో ఉన్న శాస్త్రాన్ని దుర్గాబాయి వ్యామ్ బొమ్మలతో చెబుతుంది. దాని ఆధారంగా మేం కెమిస్ట్రీ వాళ్లతో కలిసి తోలు శుద్ధి మీద ఒక ప్రాజెక్టు చేశాం. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమని పోటీ పరీక్షల పిల్లలందరికీ బిట్టుగా తెలుసు. ఆ తంగేడు చెక్క లందలో ఏం చేస్తుందో తెలియదు. సున్నంలో నానబెడితే వెంట్రుకలు ఊడతాయి. తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ ఊరిన నీళ్లలో టానిన్లు తోలులోని కొల్లాజెన్‌ను పట్టుకుని కుళ్లకుండా ఆపుతాయి. ఇదే పని మీద పరిశోధనకు 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ పెట్టారు. అక్కడ చేస్తే సైన్సు, లంద దగ్గర చేస్తే మైల. ఎవరు ఏ వృత్తి మీద పనిచేయాలో చీటీలు వేశాం. తోలు పని చీటీ ఒక షావుకారు ఇంటి అబ్బాయికి వచ్చింది. ఒక ముసలాయన దగ్గర రెండు మధ్యాహ్నాలు కూర్చుని అడిగి రాసుకున్నాడు. "తాతా, మీరు" అని పిలవడం మొదటి రోజు కష్టమైందట. ఆ మాట అతను రిపోర్టులో రాయలేదు, నాతో చెప్పాడు.

ఇంగ్లిష్ గురించి. ఇంగ్లిష్ వద్దు, మాతృభాషే అమృతం అనేవాళ్లతో నేను లేను. వాళ్ల పిల్లలు ఏ బళ్లో చదువుతున్నారో అడిగితే చాలు. సావిత్రీబాయి ఇంగ్లిష్ చదువును మెచ్చుకుంటూ కవితలే రాసింది. మనకు ఇంగ్లిష్ కావాలి, గట్టిగా కావాలి. కాకపోతే వరసలో ముందేది, వెనకేది? ఆలోచన పిల్లకు తిట్టుకోవడం, వాదించుకోవడం వచ్చిన భాషలో ముందు పుట్టాలి. మా దగ్గర ప్రతి ప్రాజెక్టు ఫలితాన్నీ మూడు చెవులకు చెప్పాలి. ఇంట్లో అమ్మమ్మకో నానమ్మకో నోటితో చెప్పి, వాళ్లు ఏమడిగారో రాసుకురావాలి. ఎమ్మార్వోకు ఒక పేజీ అర్జీ రాయాలి. ఎక్కడో ఢిల్లీలో చదివేవాళ్లకు ఇంగ్లిష్‌లో రెండు పేజీలు రాయాలి. మొదటిది తేలిక అనుకుంటారు, అదే కష్టం. నీళ్ల ప్రాజెక్టు విని ఒక నానమ్మ, "సరే, నిండదని తెలుసు మాకు. ఆ టైములో కూలికి పోలేదు కదా, ఆ డబ్బులు లెక్కేశారా?" అందట. పిల్లలు వెనక్కి వచ్చి ఇంకో కాలమ్ గీశారు. పీహెచ్‌డీ గైడు కూడా ఆ ప్రశ్న వేయలేదు.

అధ్యాపక మిత్రులకు ఒకటి రెండు చిన్న సంగతులు. గ్రూపులో పనులు చీటీలతో తేల్చండి, ప్రతి ప్రాజెక్టుకూ మార్చండి. ఎవరు మాట్లాడతారన్నది ప్రెజెంటేషన్ రోజు పొద్దున చీటీ తీసి చెప్పండి, అప్పుడు ఐదుగురికీ విషయం తెలిసి తీరాలి. మాట్లాడటానికి ఎన్ని మార్కులో, వింటున్నవాళ్లు వేసే మంచి ప్రశ్నకూ అన్ని ఇవ్వండి. దేనికి ఎన్ని మార్కులో ముందే గోడకు అంటించండి. ఉచ్చారణకు, టై కట్టుకోవడానికి మార్కులు తీసేయండి. "అక్సెంట్‌కు 5" అని ఉన్న ఒక మార్కుల ఫారం నేను కళ్లారా చూశాను.

పరిశోధక విద్యార్థులకు కూడా ఒక పని ఉంది. మీరు సెమినార్లలో పెద్ద పెద్ద చోట్ల మాట్లాడుతున్నారు, సంతోషం. మా పిల్లల ప్రెజెంటేషన్లు వినేది ఎప్పుడూ మేమే, అదే నలుగురు లెక్చరర్లు. గది మారకుండా మాట గట్టిపడదు. వాళ్ల మాటను సీరియస్‌గా తీసుకుని, జాలిపడకుండా, తప్పుంటే తప్పని అడిగే కొత్త మనిషి ఎదురుగా కూర్చోవాలి. మీరు చదువుకున్న హాస్టల్‌కు, మీరు చదువుకున్న కాలేజీకి ఏడాదికి ఒక శనివారం ఇవ్వలేరా?

మా రెండో సంవత్సరం పిల్లలు ఇప్పుడు హాస్టల్ మెస్ చార్జీలను, బజారులో పప్పు, నూనె, గుడ్డు ధరలను పక్కపక్కన పెట్టి నెలనెలా రాస్తున్నారు. రేట్లు వాళ్లే సంతకెళ్లి రాసుకొస్తున్నారు. ఈ సెమిస్టర్ చివర్లో చెబుతారు. వచ్చి వింటాం అనేవాళ్లు టీ దగ్గర నాకు పేరు ఇవ్వండి. ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు వెనక వరస నుంచి మొదలుపెడదాం.

జై భీమ్.